పదేపదే నెమ్ము: వయసు మీదికి నెట్టేసే ముందు

డెబ్బై దాటిన మనిషి రెండోసారో మూడోసారో న్యుమోనియాతో ఆస్పత్రిలో చేరితే, డిశ్చార్జి కాగితం మీద 'ఆస్పిరేషన్ న్యుమోనియా' అని రాసి ఉండటం మామూలే. తిన్నదో తాగిందో నోట్లో ఊరిన లాలాజలమో శ్వాసనాళంలోకి జారి, దానితోపాటు వెళ్లిన సూక్ష్మజీవులు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేశాయని అర్థం. చాలామందిలో కారణం కళ్లముందే ఉంటుంది: పక్షవాతం, పార్కిన్సన్స్, డిమెన్షియా, మత్తునిచ్చే మందులు. ఇవేవీ లేనివాళ్ల సంగతి వేరు. ఇవి ఉన్నా జబ్బు తీరు వాటికి పొసగనివాళ్లూ కొందరుంటారు. అక్కడ 'వయసైపోయింది కదా' అన్న మాట రోగనిర్ధారణ కాదు.

అయితే అరుదైన కారణాల మీద మనకున్న సమాచారంలో ఎక్కువ భాగం ఒక్కో రోగి గురించి రాసిన కేసు నివేదికలే. వింతగా ఉన్నదే అచ్చుకెక్కుతుంది కనుక, వాటిని పట్టుకుని ఏది ఎంత తరచుగా వస్తుందో లెక్కగట్టలేం. పైగా ఊపిరితిత్తుల్లోకి కాస్త జారినంత మాత్రాన జబ్బు రాదు. ఆరోగ్యవంతుల్లోనూ 45 శాతం మంది గాఢనిద్రలో కొద్దిపాటి లాలాజలాన్ని లోపలికి పీలుస్తారని 1978లో హక్స్‌లీ బృందం చేసిన చిన్న అధ్యయనంలో కనిపించింది. 1998లో లాంగ్‌మోర్ బృందం 189 మంది వృద్ధులను గమనించి, మింగుడులో లోపం ఒక్కటే న్యుమోనియాకు చాలదని తేల్చింది. ఒకరు తినిపించాల్సి రావడం, ఒకరు పళ్లు తోమాల్సి రావడం, పుచ్చిపళ్లు ఎక్కువగా ఉండటం అంతకంటే గట్టి సూచికలయ్యాయి. అందుకే అరుదైన కారణం కోసం బయల్దేరేముందు నోరు తెరిపించి చూడటం మంచిది. చాలాచోట్ల ఆ పనే జరగదు.

అరుదైనవాటిలో నేను ముందు అడగమనేది జెంకర్ సంచి గురించి. గొంతు అడుగున రెండు కండరాల పట్టీల మధ్య బలహీనమైన చోటు ఒకటుంది. దాని కింది కండరం సరిగా వదులు కాకపోతే, గుటక వేసినప్పుడల్లా ఒత్తిడి పెరిగి, ఏళ్ల తరబడి అక్కడి పొర వెనక్కి ఉబ్బి సంచిలా వేలాడుతుంది. ఇది ఎక్కువగా అరవై, డెబ్బై దాటినవారిలో కనిపిస్తుంది. ఏడాదికి లక్షమందిలో ఇద్దరికి అని ఒక అంచనా ఉన్నా, లక్షణాలు లేనివాళ్లు లెక్కకు రారు కాబట్టి దాన్ని గట్టిగా పట్టుకోలేం. గుర్తులు మాత్రం స్పష్టంగా ఉంటాయి. మధ్యాహ్నం తిన్న అన్నం మెతుకులు రాత్రి పడుకున్నాక నోట్లోకి వస్తాయి. పులుపు ఉండదు, ఎందుకంటే అవి కడుపు దాకా పోనేలేదు. పొద్దున వేసుకున్న మాత్ర కరగకుండా సాయంత్రం బయటపడుతుంది. నోటి దుర్వాసన ఎంత తోమినా పోదు. మెడ పక్కన నొక్కితే గుడగుడమంటుంది. పడుకోగానే సంచిలో నిల్వ ఉన్నది శ్వాసనాళంలోకి ఒలుకుతుంది.

ఇలాంటి మనిషికి ముక్కులోంచి ట్యూబు వేస్తే అది సంచిలోకి దూరవచ్చు, ఎండోస్కోపీలో గోడ చిల్లుపడే ప్రమాదమూ ఉంది. అనుమానం ఉంటే ముందు బేరియం మింగించి ఎక్స్‌రే తీయడం మేలు. చికిత్స బిగుసుకున్న ఆ కండరాన్ని కోయడం. ఇప్పుడు దాన్ని నోటిగుండానే చేస్తున్నారు. మింగుడు తేలికపడిందని చెప్పే నివేదికలు చాలానే ఉన్నాయి, కానీ వాటిలో ఎక్కువ భాగం పోల్చడానికి మరో గుంపు లేనివే.

మెడ ఎముకల ముందువైపు పెరిగే ముళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. 1950లో ఫారెస్టియే, రోటెస్-కెరోల్ వర్ణించిన వెన్నెముక జబ్బులో ఈ ముళ్లు గొంతును వెనకనుంచి నెట్టి, శ్వాసనాళం మీద ఉండే మూతను సరిగా వాలనివ్వవు. కానీ పెద్దవాళ్ల మెడ ఎక్స్‌రేలో ఇవి లేనిదెక్కడ? చాలామంది హాయిగానే మింగుతారు. ముల్లు కనిపించింది, న్యుమోనియా వచ్చింది, కాబట్టి ముల్లే కారణం అనడం తొందరపాటు. మింగుతుండగా తీసిన వీడియో ఎక్స్‌రేలో ఆహారం ఆ ముల్లు దగ్గరే ఆగి, అక్కడినుంచే జారడం కనబడాలి.

కండరాల జబ్బుల్లో మయస్తీనియాను మరవకూడదు, ఎందుకంటే దానికి మందు ఉంది. భోజనం మొదట్లో బాగానే సాగుతుంది, సగానికి వచ్చేసరికి దవడ అలసిపోతుంది, గొంతు ముక్కుతో మాట్లాడినట్టవుతుంది, నీళ్లు ముక్కులోంచి వస్తాయి. కనురెప్పలు వాలడం నెమ్మదిగా ఏళ్లమీద పెరిగి, ఇంట్లో మరొకరికీ ఉంటే, క్యూబెక్‌లోని ఫ్రెంచి కుటుంబాల్లో ఎక్కువగా కనిపించే వంశపారంపర్య కండర క్షీణతనూ తలచుకోవాలి.

మన ఇళ్లకు దగ్గరైనది నూనె. మలబద్ధకానికి రాత్రిపూట తాగే లిక్విడ్ పారాఫిన్, ముక్కులో వేసుకునే నూనె చుక్కలు, పొద్దున్నే నూనె పుక్కిలించడం: మూడూ ఊపిరితిత్తుల్లోకి జారగలవు. నీళ్లు జారితే పొలమారుతుంది, ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తడతాం. ఖనిజ నూనె దగ్గు పుట్టించకుండానే దిగిపోతుంది. 1925లో లాఫ్లెన్ వర్ణించిన ఈ జబ్బు కచ్చితంగా చెప్పాలంటే సూక్ష్మజీవుల న్యుమోనియా కాదు, యాంటీబయాటిక్స్‌కు తగ్గదు. సీటీ స్కాన్‌లో ఆ మచ్చలో కొవ్వు సాంద్రత కనిపిస్తే అనుమానం బలపడుతుంది. పుక్కిలింత వల్ల ఎంతమందికి వస్తుందో చెప్పే లెక్కలు లేవు, కొన్ని కేసు నివేదికలే ఉన్నాయి. అయినా నెమ్ము తిరగబెడుతున్న మనిషి చేత దాన్ని మాన్పించడంలో నష్టమేమీ లేదు.

ప్రతిసారీ ఊపిరితిత్తిలో అదే భాగంలో నెమ్ము వస్తుంటే మింగుడు కంటే ముందు శ్వాసనాళంలో అడ్డు కోసం వెతకాలి: కణితి, ఊడిన పన్ను, మాంసం ఎముక ముక్క, వక్కపలుకు. 1897లో గుస్తావ్ కిలియన్ తొలిసారి గొట్టం దించి ఒక జర్మన్ రైతు శ్వాసనాళంలోంచి తీసింది ఎముక ముక్కనే. పైన చెప్పిన జెంకర్ సంచి పుట్టే బలహీనమైన చోటుకూ ఆయన పేరే ఉంది.

ఇక అందరికీ రాసే సలహా, ద్రవాలు చిక్కగా ఇవ్వమనడం. 2008లో అచ్చయిన అమెరికా పరీక్షలో డిమెన్షియా లేదా పార్కిన్సన్స్ ఉన్న 515 మందిని మూడు నెలలు గమనించారు. గడ్డం దించి పల్చటి ద్రవం తాగినవారిలో 9.8 శాతానికి, చిక్కటి ద్రవం తాగినవారిలో 11.6 శాతానికి న్యుమోనియా వచ్చింది. ఆ తేడా గణాంకపరంగా నిలవలేదు. ఒంట్లో నీరు తగ్గిపోవడం మాత్రం మొదటివారిలో 2 శాతం, రెండోవారిలో 6 శాతం. సంచి, ఎముక ముల్లు, మయస్తీనియా ఉన్నవారిని ఆ పరీక్ష చూడలేదు కాబట్టి ఈ ఫలితాన్ని వాళ్లకు అంటగట్టలేం. కానీ కారణం తెలియకుండా చిక్కటి జావ మీదే నెలలు నడిపించడానికి అందులో సమర్థన దొరకదు. రెండోసారి డిశ్చార్జి అయ్యేనాటికి మింగుడు పరీక్ష జరిగిందా, వీడియో ఎక్స్‌రే గానీ ముక్కులోంచి దించే సన్నటి కెమెరాతో గానీ చూశారా, ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టి చోటు పోల్చారా అని ఇంట్లోవాళ్లు అడగవచ్చు. రోజువారీ మందుల జాబితాలో హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ లాంటివి ఉంటే వాటినీ ఆ రోజే డాక్టరుకు చూపించాలి. మింగుడును మందగింపజేసే ఆ మందులను డాక్టరు తగ్గించినప్పుడు కొందరు కోలుకున్నారు.