ఆర్కిటిక్ జీవుల్లో పాదరసం

ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్న ఆర్కిటిక్‌లో పరిశ్రమలు బహు తక్కువ. అయినా అక్కడి సీల్ జంతువులు, బెలూగా తిమింగలాలు, ధ్రువపు ఎలుగుబంట్ల ఒంట్లో పాదరసం పేరుకుంటోంది. అందులో 90 శాతానికి పైగా మనుషుల పనుల వల్ల చేరినదేనని ఆర్కిటిక్ దేశాల కాలుష్య పరిశీలన సంస్థ ఆమాప్ 2011లో అంచనా వేసింది.

బొగ్గు కాల్చినా, చిన్న గనుల్లో పాదరసంతో బంగారం తీసినా అది ఆవిరై గాలిలో కలుస్తుంది. నెలల తరబడి అలాగే తిరుగుతూ ఖండాలు దాటుతుంది. థర్మామీటర్ పగిలితే నేలమీద దొర్లే వెండి బొట్టు ఇంత దూరం పోగలదంటే నమ్మడం కష్టమే. ప్రపంచంలో మనుషులు గాలిలోకి వదిలే పాదరసంలో దాదాపు సగం ఆసియా నుంచే వెళ్తోంది. అందులో మన దేశం వాటా కూడా ఉంది.

కెనడా ఉత్తరపు కొసన అలర్ట్ అనే కేంద్రంలో 1995లో శాస్త్రజ్ఞులు ఒక వింత గమనించారు. నెలల చీకటి తరవాత సూర్యుడు కనిపించే రోజుల్లో గాలిలోని పాదరసం ఉన్నట్టుండి మాయమయ్యేది. సముద్రపు మంచు నుంచి వెలువడే బ్రోమిన్, ఎండ తగలగానే పాదరసంతో చర్య జరిపి దాన్ని మంచుమీదికి దింపేస్తోందని తరవాత తేలింది.

నీటిలో, అడుగు బురదలో ఉండే కొన్ని సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. అసలు ప్రమాదం దీనితోనే. ఇది ఒంట్లోంచి త్వరగా పోదు. చిన్న జీవిని చేప, చేపను సీల్, సీల్‌ను ఎలుగుబంటి తింటున్నకొద్దీ మోతాదు పెరుగుతుంది. తల్లి నుంచి కడుపులోని బిడ్డ మెదడుకూ చేరుతుంది.

ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో వేటాడిన పైలట్ తిమింగలం మాంసాన్ని ఊరివారంతా పంచుకోవడం తరతరాల ఆచారం. అక్కడ 1986-87లో పుట్టిన సుమారు వెయ్యిమంది పిల్లలను వైద్యులు పరిశీలిస్తూ వచ్చారు. పుట్టుకకు ముందు పాదరసం ఎక్కువగా అందిన పిల్లలు ఏడో ఏట మాటలో, జ్ఞాపకంలో, ఏకాగ్రతలో వెనకబడినట్టు కనిపించింది. 2008లో ఆ దీవుల ప్రధాన వైద్యాధికారులు ఆ మాంసం ఇక తినదగినది కాదని ప్రకటించారు.

కెనడాలోని ఇన్యూట్‌లకు ఇది ఇంకా చిక్కు. దుకాణాల్లో సరుకు దూరం నుంచి రావాలి, ధర మండిపోతుంది. వేట మాంసమే వారికి బలమైన తిండి, పండగ, పలకరింపు. ఎవరో కాల్చిన బొగ్గుకు వారు కూడు మార్చుకోవలసి రావడం అన్యాయమనే మేం అంటాం. అక్కడి నునావిక్ ప్రాంత ఆరోగ్య శాఖ వేట మాంసం మొత్తం మానమనలేదు. గర్భిణులు, పిల్లలను కనే వయసు స్త్రీలు బెలూగా మాంసం మాత్రం తగ్గించమంది. ఆర్కిటిక్ చార్ అనే చేపలో పాదరసం తక్కువ, మంచి కొవ్వులు ఎక్కువ. అది నిక్షేపంగా తినవచ్చు.

పెద్ద వేటచేపలో ఎక్కువ, చిన్న చేపలో తక్కువ అన్న లెక్క మన సముద్రాలకూ వర్తిస్తుంది. బాలింతలకు పాలు పడాలని సొర పిట్టు పెట్టే ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొర తినవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ చెబుతోంది. తమిళనాట మత్తి అనే కవళ్ళతో ఆ భయం తక్కువ.

పాదరసాన్ని అదుపు చేసే మినమాటా ఒప్పందం 2017 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. భారతదేశం 2018లో ఆమోదించింది. ఆర్కిటిక్ జీవావరణానికి, అక్కడి మూలవాసులకు ఉన్న ముప్పును ఒప్పందం పీఠికలోనే రాశారు. అయితే ఉత్తరాన ఏళ్ళ తరబడి గడ్డకట్టి ఉన్న నేలలోనూ పాదరసం నిలవ ఉంది. వాతావరణం వేడెక్కి ఆ నేల కరిగేకొద్దీ అది నదుల్లోకి దిగుతోంది.