అమ్మమ్మ కుట్టిన గడువు

మనవరాలు పుట్టిందన్న కబురు చేరగానే పంజాబులో అమ్మమ్మ ఎర్ర ఖద్దరు ముందేసుకుని సూది అందుకునేది. ఆ బట్ట పేరు చోప్. పెళ్లినాడు మంగళస్నానం చేసి వచ్చిన పెళ్లికూతురికి కప్పడానికి. అంటే చేతిలో పదిహేనేళ్లో, అంతకంటే ఎక్కువో గడువు ఉండేది. మనవడు పుడితే నాయనమ్మ ‘వరీ దా బాగ్’ మొదలుపెట్టేది. ఆ ఇంటికి రాబోయే కోడలి కోసం. ఆ పిల్ల అప్పటికి ఎక్కడో పుట్టి ఉండాలి, లేదా ఇంకా పుట్టనే ఉండదు!

ఈ పనిని ఫుల్కారీ అంటారు, పూలపని అని. అడుగు బట్ట కనబడకుండా కుట్టేస్తే అది బాగ్, తోట. దారం పేరు పట్, మెలివేయని పట్టుపోగు. మగ్గం ఇరుకు కాబట్టి ఖద్దరు పట్టీలు రెండో మూడో జోడించుకునేవారు. అసలు నేర్పు కుట్టడంలో ఉంది. బాగ్‌ను బట్ట తిరగేసి, వెనకవైపు నుంచి కుడతారు. కింద గీసుకున్న ముగ్గేమీ ఉండదు, నేతపోగులు లెక్కపెట్టుకుంటూ పోవడమే. వెనక సూది రవ్వంత పోగునే పట్టుకుంటుంది, ఖరీదైన పట్టంతా ముఖం వైపుకే వెళుతుంది. ఒకే రంగు దారాన్ని కొంత నిలువుగా, కొంత అడ్డంగా కుడితే వెలుగు పడినప్పుడు రెండు రంగులై మెరుస్తుంది. చోప్‌కు ఆ పొదుపు లేదు, రెండు వైపులా ఒకేలా కనబడాలి.

అంత శ్రమపడి, ఏదో ఒక మూల కావాలనే రంగు తప్పించేవారు. నజర్ బూటీ. మన పసిపిల్లల బుగ్గన దిష్టిచుక్క లాంటిదే.

1947లో దేశం చీలింది. కోటికి పైగా జనం ఇల్లు విడిచారు. హజారా, రావల్పిండి వంటి పేరున్న కుట్టుసీమలు సరిహద్దుకు అవతల ఉండిపోయాయి. ఎన్నో బాగ్‌లు చేతులు మారి, మ్యూజియాలకూ సేకరణలకూ చేరాయి. ఫిలడెల్ఫియా కళామ్యూజియం 2017లో ఫుల్కారీలతో పెద్ద ప్రదర్శనే పెట్టింది. చూడముచ్చటైన పనే, కానీ ఇలా సేకరణల్లోకి చేరిన బట్టల్లో చాలావాటికి ఏ అమ్మమ్మ, ఏ పాప కోసం కుట్టిందో చెప్పేవారు లేరు. ఆ ఒక్క సంగతి పోతే సగం వారసత్వం పోయినట్టే.

అదే 2017లో అమృత్‌సర్ టౌన్‌హాల్లో విభజన మ్యూజియం తెరిచారు. అక్కడున్న ఒక ఫుల్కారీ కోటుకు మాత్రం అది ఎవరిదో చెప్పే కథ మిగిలింది. గుజ్రన్‌వాలా నుంచి రెండేళ్ల తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని రైలెక్కిన ఒక యువతి సంచిలో వచ్చిందది. ఆమెను చేసుకోవాలని అంతకుముందే మాటనుకున్న అబ్బాయి, అన్నదమ్ములు ముగ్గురినీ అల్లర్లలో పోగొట్టుకుని, ఆస్తి కాగితాలున్న తోలుపెట్టెతో సరిహద్దు దాటాడు. అమృత్‌సర్ శరణార్థి శిబిరంలో ఇద్దరూ మళ్లీ ఎదురుపడ్డారు. 1948లో పెళ్లి చేసుకున్నారు. వాళ్ల కుటుంబం ఆ కోటునూ, ఆ పెట్టెనూ దాచి ఉంచి మ్యూజియానికి ఇచ్చింది.