లెక్కల రోజు: దలాల్ స్ట్రీట్‌పై సాఫ్ట్‌వేర్ ఫలితాల ముద్ర

ఏటా జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల రెండో వారం వచ్చిందంటే మన పత్రికల వాణిజ్య పేజీలకు కొత్త కళ వస్తుంది. టీసీఎస్ ఫలితాలతో సందడి మొదలై, ఇన్ఫోసిస్, హెచ్‌సీఎల్, విప్రోల మీదుగా బ్యాంకులకు, సిమెంటు కంపెనీలకు పాకుతుంది. ఈ వరస ఎప్పటినుంచో ఉన్నదే అనిపిస్తుంది గానీ, దీని వయసు మూడు దశాబ్దాలకు మించదు. బొంబాయి బ్రోకర్లు సంఘం కట్టింది 1875లో. ఆనాటి నుంచి లెక్కిస్తే నూటపదిహేనేళ్లకు పైగా, ఏ కంపెనీ అయినా గడిచిన మూడు నెలల్లో ఎంత సంపాదించిందని ఆరా తీసిన మదుపరి మన దేశంలో అరుదు. ఆ ఆరాను మనకు నేర్పినవి ఉక్కు మిల్లులు కావు, బట్టల మిల్లులు కావు. చూపించడానికి పెద్ద యంత్రమంటూ ఒక్కటీ లేని సాఫ్ట్‌వేర్ కంపెనీలు.

అంతకు ముందు కాలంలో షేరు ధరను కదిలించినవి వేరు. వానలు ఎలా పడ్డాయి, బడ్జెట్‌లో ఎక్సైజు పెరిగిందా తగ్గిందా, కంపెనీ బోనస్ షేర్లు ఇస్తుందా, డివిడెండ్ ఎంత ప్రకటిస్తుంది అన్నవే ప్రశ్నలు. వార్షిక నివేదిక తపాలాలో వచ్చేది. ఏడాది ముగిసిన చాలా నెలలకు సర్వసభ్య సమావేశం, అక్కడ టీ బిస్కెట్లు, ఛైర్మన్ ప్రసంగం. కొత్త షేర్లు ఏ ధరకు అమ్మాలో ఢిల్లీలోని మూలధన జారీ నియంత్రణాధికారి నిర్ణయించేవాడు. 1943లో మొదలైన హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజిలోనూ పద్ధతి ఇదే. విప్రో అప్పటికే మార్కెట్‌లో ఉన్న పాత కాపు. 1945 డిసెంబరులో మహారాష్ట్రలోని అమల్నేర్‌లో వనస్పతి నూనెల కంపెనీగా పుట్టి, మరుసటి ఏడే ప్రజలకు షేర్లు అమ్మింది. దాని షేరు కొన్నవారు కొన్నది వంటనూనె వ్యాపారాన్ని. వాళ్ల మనవళ్ల చేతికి అందింది సాఫ్ట్‌వేర్.

అమెరికాలో మూడు నెలల లెక్క అడిగే అలవాటు ముందే వేళ్లూనింది. 1929 పతనం తర్వాత, 1934లో ఏర్పడిన సెక్యూరిటీస్ కమిషన్ కంపెనీలను లెక్కలు బయటపెట్టమంది. 1955లో ఆర్నెల్ల లెక్క, 1970లో మూడు నెలల లెక్క తప్పనిసరి అయ్యాయి. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఇంటెల్, యాపిల్, మైక్రోసాఫ్ట్ లాంటివి మార్కెట్‌కు కేంద్రమయ్యాయి. త్రైమాసిక ఫలితం అన్ని కంపెనీలకూ వర్తించే నియమమే అయినా, దాని అసలు ఉరుము వినిపించింది టెక్నాలజీ షేర్లలోనే.

ఎందుకలా అన్నది కాస్త నిదానంగా చూడదగ్గ సంగతి. ఉక్కు కంపెనీకి భూమి, కొలిమి, గని ఉంటాయి. వ్యాపారం మందగించినా వాటికో విలువ కట్టవచ్చు. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆస్తి సాయంత్రం బస్సెక్కి ఇంటికి పోతుంది. దాని ధరలో ఎక్కువ భాగం రేపు రాబోయే లాభానికి ఈరోజు కట్టే విలువే. ఒక లెక్క వేసుకుందాం. ఒక షేరుపై కంపెనీ ఏడాదికి 50 రూపాయలు ఆర్జిస్తోంది, లాభం ఏటా 30 శాతం పెరుగుతుందన్న నమ్మకంతో మార్కెట్ దానికి 40 రెట్లు ఇస్తోంది. ధర 2,000. ఒక ఉదయం కంపెనీ వచ్చే ఏడాది వృద్ధి 10 శాతమే అంటుంది. ఆర్జన 55 రూపాయలకు చేరుతుంది, అంటే లాభం పెరిగినట్టే. కానీ పదిశాతం వృద్ధికి 40 రెట్లు ఎవరిస్తారు? 20 రెట్లే అనుకుంటే ధర 1,100. లాభం పెరిగి షేరు దాదాపు సగం కరిగిపోయే ఈ విచిత్రం అర్థం కానివాళ్లు ప్రతి తరంలోనూ చేయి కాల్చుకున్నారు. ఫలితాల రోజున మార్కెట్ చదివేది జరిగిపోయిన మూడు నెలలను కాదు. ఆ అంకెలను సాకుగా తీసుకుని రాబోయే మూడేళ్లను తిరగరాస్తుంది.

మన దగ్గర ఈ కొత్త చదువుకు తలుపు తెరిచింది 1992. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి చట్టబద్ధ అధికారం వచ్చింది, ధరలు నిర్ణయించే పాత కార్యాలయం మూతపడింది. మరుసటి ఏడాదే ఇన్ఫోసిస్ మార్కెట్‌కు వచ్చింది. 1981లో ఏడుగురు ఇంజినీర్లు పది వేల రూపాయలతో పెట్టిన ఆ కంపెనీ షేరు 95 రూపాయలకు ఇస్తామంటే పూర్తిగా కొనేవాళ్లు దొరకలేదు. మిగిలిపోయిన వాటాను మోర్గాన్ స్టాన్లీ తీసుకుని గట్టెక్కించింది. లిస్టింగు నాడు ధర 145 పలికింది. 1994లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో కంప్యూటర్ తెరపై షేర్ల వ్యాపారం మొదలైంది, 1996 డిపాజిటరీల చట్టంతో కాగితం సర్టిఫికెట్లు డీమ్యాట్ ఖాతాల్లోకి మారాయి, 1990ల చివరినాటికి త్రైమాసిక ఫలితాలు తప్పనిసరి అయ్యాయి. చట్టం అడిగినదానికన్నా ఎక్కువ చెప్పడమే పరువు అన్న పద్ధతిని ఇన్ఫోసిస్‌లో నారాయణమూర్తి బృందం తెచ్చింది. 1999 మార్చిలో నాస్‌డాక్‌లో నమోదైన తొలి భారతీయ కంపెనీగా ఇన్ఫోసిస్ నిలిచాక ఆ పద్ధతి మరింత బిగిసింది. లెక్కలు అమెరికా కట్టుబాట్లకు తగ్గట్టు కూడా రాయాలి, విశ్లేషకుల ప్రశ్నలకు ఫోన్‌లో జవాబివ్వాలి, రాబోయే కాలానికి అంచనా చెప్పాలి. ఆ చివరిదాని పేరే గైడెన్స్. నా దృష్టిలో మన మార్కెట్ చరిత్రలో సెన్సెక్స్ పుట్టుక తర్వాత అంతటి మలుపు ఇది.

హైదరాబాద్ ఈ కథలోకి వచ్చిన తీరు వేరు. 1987లో సత్యం కంప్యూటర్స్ ఇక్కడ పుట్టింది. 1998 నవంబరులో నగరంలో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ తలుపులు తెరుచుకునేసరికి సత్యం పేరు ఊరూరా తెలుసు. అబ్బాయికి అందులో ఉద్యోగం, నాన్నకు అందులో షేర్లు అన్నది ఎన్నో ఇళ్లలో గర్వంగా చెప్పుకునే మాట. 1999 చివరలో దాని అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే నాస్‌డాక్‌లో అడుగుపెట్టి, ఇండియావరల్డ్ అనే ఇంటర్నెట్ కంపెనీని 499 కోట్లకు కొంటానన్నప్పుడు దేశమంతా ముక్కున వేలేసుకుంది. ఆ రోజుల్లో నిజానికి ఫలితాలతో ఎవరికీ పనిలేదు. పేరు చివర సాఫ్ట్ అనో డాట్‌కామ్ అనో ఉంటే చాలు. 2000 మార్చి 10న నాస్‌డాక్ సూచీ 5,048 వద్ద శిఖరం తాకి జారడం మొదలయ్యాక, అదే ఏడాది సెప్టెంబరులో అమ్మకాలు అంచనాలను అందుకోవని ఇంటెల్ హెచ్చరించి, దాని షేరు ఒక్క రోజులో ఐదో వంతుకు పైగా పడిపోయాక, అంకెలు చదవడం మళ్లీ గుర్తొచ్చింది.

ఆ చదువుకు పెద్ద పరీక్ష 2003 ఏప్రిల్ 10. ఇన్ఫోసిస్ అప్పట్లో మార్కెట్ తెరుచుకునే ముందే ఫలితాలు ప్రకటించేది. గడిచిన ఏడాది లాభం పెరిగింది. కానీ వచ్చే ఏడాదికి చెప్పిన వృద్ధి అంచనా మార్కెట్ కలల దరిదాపుల్లో లేదు. ఖాతాదారులు గంటకు ఇచ్చే రేట్లు కోసేస్తున్నారు, ఐబీఎం, యాక్సెంచర్ లాంటి కంపెనీలు బెంగళూరులోనే మనుషులను చేర్చుకుంటున్నాయి. ఆ రోజు షేరు నాలుగో వంతుకు పైగా విలువ కోల్పోయింది, సూచీని కిందికి ఈడ్చింది, సాటి సాఫ్ట్‌వేర్ షేర్లనూ లాగేసింది. తప్పు చేయని కంపెనీ, నష్టం రాని కంపెనీ, ఉన్నమాట ముందే చెప్పినందుకు అంత దెబ్బ తింది. ఆ ఏడాది తిరిగేలోపే షేరు పాత ధరను దాటిపోయింది. భయపడి అమ్మినవాళ్ల కన్నా, చెప్పినదాన్ని చెప్పినట్టు చదివినవాళ్లే నెగ్గారు.

అక్కడి నుంచి కంపెనీలు జాగ్రత్త నేర్చాయి. తక్కువ చెప్పి ఎక్కువ చూపడం కళగా మారింది. 2004 ఆగస్టులో టీసీఎస్ 850 రూపాయల ధరతో మార్కెట్‌లోకి వచ్చింది గానీ, అది గైడెన్స్ జోలికి పోలేదు. 2007లో రూపాయి బలపడి డాలరు 40 కిందికి దిగినప్పుడు, ఆదాయం డాలర్లలో, జీతాలు రూపాయల్లో ఉన్న ఈ వ్యాపారంలో చెమటోడ్చి చేసిన లాభం మారకపు రేటులో ఎలా ఆవిరవుతుందో మదుపరులు తెలుసుకున్నారు. మార్జిన్, కొత్త ఒప్పందాలు, ఉద్యోగుల వలస రేటు అంటూ చిన్నపట్నాల బ్రోకర్ ఆఫీసుల్లో కూడా చర్చలు నడిచాయి.

ఆ చర్చలన్నిటికీ ఆధారమైన నమ్మకం 2009 జనవరి 7న తెగింది. దానికి ముందు 2008 డిసెంబరు 16న ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటానని సత్యం ప్రకటించడం, న్యూయార్క్‌లో చేతులు మారే దాని షేరు, అంటే ఏడీఆర్, ఆ రాత్రే సగానికి పైగా పడిపోవడం, గంటల్లోనే కంపెనీ వెనక్కి తగ్గడం జరిగాయి. మూడు వారాల తర్వాత, లెక్కల్లో మోసాన్ని ఒప్పుకుంటూ రామలింగరాజు రాసిన లేఖ ఎక్స్ఛేంజీలకు చేరింది. అందులోని అంకెలను ఇప్పటికీ ఒకసారి చదవాలి. అంతకు ముందు సెప్టెంబరు త్రైమాసికానికి ప్రకటించిన ఆదాయం 2,700 కోట్లు, నిజంగా వచ్చింది 2,112 కోట్లు. ప్రకటించిన నిర్వహణ లాభం 649 కోట్లు, నిజమైనది 61 కోట్లు. 24 శాతం అన్న మార్జిన్ నిజానికి 3 శాతం. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవు. ముందు రోజు 179 రూపాయలున్న షేరు ఆ రోజు 40 వద్ద ముగిసింది, సెన్సెక్స్ 749 పాయింట్లు కుంగింది. కార్పొరేట్ పాలనలో గోల్డెన్ పీకాక్ పురస్కారం ఆ కంపెనీకి దక్కి అప్పటికి ఆర్నెల్లు కూడా కాలేదు. మన మదుపరికి చేదు నిజం ఏమిటంటే, ఆ షేరును ఏళ్ల తరబడి పెంచింది కూడా ఫలితాలే. అందంగా, క్రమంగా, అంచనాలకు అతికినట్టు వచ్చిన ఫలితాలు. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల చొప్పున వేలం పాడి, కంపెనీని నిలబెట్టింది, వేల ఉద్యోగాలు నిలిచాయి. నష్టపోయిన చిన్న మదుపరుల సంగతి హైదరాబాద్ మరిచిపోలేదు. లాభం అంకె పక్కనే నగదు ప్రవాహం అంకెను వెతికే అలవాటు చాలామందికి ఆ ఏడాదే పట్టుకుంది.

తర్వాతి కాలంలో నియమాలు బిగిశాయి. 2015 నిబంధనల కింద, ఏడాది చివరిది తప్ప, త్రైమాసికం ముగిసిన 45 రోజుల్లో ఫలితాలు రావాలి. 2019 ఏప్రిల్ నుంచి, మూడు నెలలు ముగిసిన నాటినుంచి ఫలితాలు వెలువడ్డాక 48 గంటల వరకూ లోపలివాళ్లు తమ కంపెనీ షేర్లను కొనకూడదు, అమ్మకూడదు. కానీ ఊగిసలాట తగ్గలేదు. 2013 ఏప్రిల్ 12న ఇన్ఫోసిస్ 6 నుంచి 10 శాతం వృద్ధి అంది, పరిశ్రమ మొత్తం 12 నుంచి 14 శాతం పెరుగుతుందని సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘం నాస్‌కామ్ అప్పటికే చెప్పి ఉంది. షేరు ఒక్క రోజులో 21 శాతం పడింది. జూన్‌లో నారాయణమూర్తి కంపెనీ పగ్గాలు పట్టడానికి తిరిగి రావలసి వచ్చింది. 2023లో ఇంకో చిత్రం. ఏప్రిల్ 13 గురువారం మార్కెట్ మూసుకున్నాక ఇన్ఫోసిస్ నుంచి 4 నుంచి 7 శాతం వృద్ధి అన్న అంచనా వెలువడింది. శుక్రవారం అంబేడ్కర్ జయంతి సెలవు, ఆపై శని, ఆదివారాలు. న్యూయార్క్‌లో ఏడీఆర్ గురువారమే పడిపోయింది. మూడు రోజుల పాటు ఇక్కడి మదుపరి తన నష్టం ఎంతో తెలిసి కూడా చేయడానికేమీ లేక కూర్చున్నాడు. సోమవారం షేరు 9 శాతానికి పైగా కోల్పోయింది.

ఈ పదేళ్లలో కథాస్థలమే విస్తరించింది. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన ఇద్దరు, మైక్రోసాఫ్ట్‌లో సత్య నాదెళ్ల, అడోబీలో శంతను నారాయణ్, అమెరికా మార్కెట్ ఎదుట త్రైమాసిక ఫలితాలు వివరిస్తుంటే ఇక్కడి ఇళ్లలోనూ వింటున్నారు. క్లౌడ్ వ్యాపారమైన అజ్యూర్ వృద్ధి ఒకటి రెండు శాతం అటూ ఇటూ అయితే మైక్రోసాఫ్ట్ విలువ వేల కోట్ల డాలర్లు మారుతుంది. సియాటిల్‌లోనో శాన్‌హోసేలోనో ఉన్న తెలుగు ఇంజినీరుకు జీతంలో కొంత భాగం కంపెనీ షేర్ల రూపంలో వచ్చే ఆర్‌ఎస్‌యూలే కాబట్టి, ఇంటి రుణం లెక్క కూడా ఆ సాయంత్రంతో ముడిపడి ఉంటుంది. 2022 ఫిబ్రవరి 3న మెటా 26 శాతం పడి, ఒక్క రోజులో 23 వేల కోట్ల డాలర్లకు పైగా విలువ పోగొట్టుకుంది. 2023 మే 24న ఎన్విడియా తర్వాతి త్రైమాసికానికి 1,100 కోట్ల డాలర్ల అమ్మకాలు వస్తాయంది. విశ్లేషకులు అనుకున్నది 720 కోట్లకు అటూ ఇటూ. మర్నాడు షేరు 24 శాతం ఎగిసింది, ప్రపంచమంతా కృత్రిమ మేధ షేర్ల వేట మొదలైంది. ఆ వార్తకు మన సాఫ్ట్‌వేర్ షేర్ల స్పందన మాత్రం మిశ్రమం. యంత్రమే కోడు రాస్తే గంటల లెక్కన అమ్ముకునే మన ఇంజినీరు శ్రమకు రేటు ఏమవుతుందన్న ప్రశ్న ఇప్పుడు ప్రతి ఫలితాల రోజునా విశ్లేషకులు అడుగుతున్నారు.

ఇదంతా అవసరమా అన్న వాదన కూడా పాతదే. బ్రిటన్ 2014లో త్రైమాసిక నివేదికల నిర్బంధాన్ని ఎత్తేసింది. అమెరికాలో ఆర్నెల్లకోసారి చాలని ట్రంప్ 2018లో అన్నారు, 2025లో మళ్లీ అన్నారు. అలా జరిగితే ఆ దేశం 1955 నాటి పద్ధతికి వెళ్లినట్టే. మన దేశంలో అలాంటి కదలిక కనబడదు, వచ్చినా సాఫ్ట్‌వేర్ కంపెనీలు దాన్ని వాడుకుంటాయని నేననుకోను. చట్టం కోరకపోయినా గైడెన్స్ ఇవ్వడం మొదలుపెట్టిన ఇన్ఫోసిస్ ఇవాళ్టికీ ఏడాది అంచనాను ఇంత నుంచి ఇంత శాతం అని చెబుతోంది, ప్రతి మూడు నెలలకూ సవరిస్తోంది. ఫలితాల ప్రకటనలో మన విశ్లేషకుల చూపు ముందుగా వాలేది లాభం మీద కాదు, ఆ రెండు అంకెల మీదే.