దుంగ మీద పేరు

ఆగరా, ఆ దుంగ అప్పుడే మంటలో పడెయ్యకు. ఇటు దొర్లించు. ఒక్కసారి చూడనియ్యి... సరే, ఏమీ లేదు. ఇక వెయ్యి.

ఏటా భోగి నాడు తాతయ్య దుంగలు ఎందుకు తడుముతాడని మీరు అడుగుతూనే ఉన్నారు. పోయినేడు తేళ్లుంటాయేమోనని చూస్తున్నానన్నాను. అప్పటికి మీరు చిన్నవాళ్లు. ఇప్పుడు చెబుతాను, కూర్చోండి. అమ్మలూ, పరికిణీ దగ్గరికి లాక్కో, నిప్పురవ్వలు లేస్తున్నాయి.

నేను మాస్కో వెళ్లింది 1985లో, లుముంబా యూనివర్సిటీలో చదువుకోడానికి. మా నాన్న కమ్యూనిస్టు పార్టీ మనిషి. ఊళ్లోకి రష్యా పుస్తకాలతో విశాలాంధ్ర వ్యాను వచ్చిందంటే, ధాన్యం డబ్బులో ముందు దానికే తీసిపెట్టేవాడు. ఆ పుస్తకాలు చదివి పెరిగినవాణ్ణి కాబట్టి, అక్కడంతా వాటిలో రాసినట్టే ఉంటుందనుకుని రైలెక్కాను. మొదటి ఏడాదంతా రష్యన్ నేర్చుకోడానికే సరిపోయింది. మెట్రోకి 5 కోపెక్కులు పెడితే ఎక్కడికైనా వెళ్లొచ్చు, సినిమా టికెట్టు కూడా చవకే. తరగతి గదిలో వచ్చిన రష్యన్ కన్నా సినిమా హాల్లో వచ్చిందే ఎక్కువ.

1987 జనవరిలో ‘పశ్చాత్తాపం’ అనే సినిమా విడుదలైంది. మాకు టికెట్లు దొరికేసరికి ఫిబ్రవరి వచ్చింది. మంచులో క్యూ. కాళ్లు మొద్దుబారిపోతున్నాయి, అయినా ఒక్కరూ కదలరు. తెంగిజ్ అబులాద్జె అనే జార్జియా దర్శకుడు 1984లోనే దాన్ని తీశాడు. అప్పట్లో జార్జియాలో పార్టీ పెద్ద షెవర్ద్‌నాద్జె. ఆయన అండ ఉండబట్టి తీయగలిగాడు గానీ, బయటికి వదలడానికి మూడేళ్లు పట్టింది.

కథ ఏమిటంటే, ఒక ఊరి పెద్ద చనిపోతాడు, ఘనంగా పూడ్చిపెడతారు. తెల్లారేసరికి శవం కొడుకు ఇంటి తోటలో ఉంటుంది! మళ్లీ పూడుస్తారు, మళ్లీ పైకొస్తుంది. కాపలా కాసి పట్టుకుంటే, తవ్వుతున్నది ఒక ఆడమనిషి. ఆమె పసితనంలో ఆమె అమ్మానాన్నల్ని మింగేసినవాడు ఆ పెద్దమనిషే. అలాంటివాణ్ణి మట్టిలో హాయిగా నిద్రపోనివ్వను అంటుంది ఆమె. స్టాలిన్ పేరు సినిమాలో ఎక్కడా లేదు. ఆ అవసరమూ లేదు, హాల్లో ప్రతివాడికీ తెలుసు.

అందులో ఒకచోట, రైల్వే స్టేషనుకి దుంగలు వచ్చాయని కబురొస్తుంది. దూరాన అడవుల్లో ఖైదీలు నరికిన దుంగలు. వాటి మొదళ్ల మీద కొందరు పేర్లు చెక్కి పంపించారట. ఉత్తరం రాసే హక్కు లేనివాళ్లకి అదే ఉత్తరం. ఆడవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని పరుగెత్తుతారు. బురదలో ఆ దుంగల గుట్టల మధ్య తిరుగుతూ, ఒక్కొక్క దుంగ మొదలూ తుడిచి చూసుకుంటారు. ఒకామెకి తన మనిషి పేరు దొరుకుతుంది. ఆ దుంగని నిమురుతుంది, దానితో మాట్లాడుతుంది. శవాన్ని తవ్విన ఆమె అప్పటికి చిన్నపిల్ల, ఆమె తల్లికి మాత్రం దొరకదు.

నా పక్క సీట్లో ఒక ముసలామె కూర్చుని ఉంది, తలకి ఉన్ని రుమాలు కట్టుకుని. ఏడవలేదు. కుర్చీ చెయ్యి మీద ఆమె వేలు మాత్రం కదులుతూనే ఉంది, ఏవో అక్షరాలు వెతుకుతున్నట్టు. దీపాలు వెలిగాక కూడా లేవలేదు. నేను దారి కోసం నిలబడితే నా మొహంలోకి చూసి ‘మా అన్నయ్య’ అంది. అంతే. ఆ తర్వాత రుమాలు సవరించుకుని వెళ్లిపోయింది.

అందుకే చూస్తాను దుంగలు.

అసలు అలా తొక్కిపెట్టిన సినిమాలు ఒక్కసారిగా ఎలా బయటికొచ్చాయో చెప్పాలి. సోవియట్ నాయకుడిగా గోర్బచేవ్ 1985 మార్చిలో వచ్చాడు. ఏడాది తిరిగాక, 1986 మేలో, క్రెమ్లిన్‌లో సినిమా కళాకారుల సంఘం ఐదో మహాసభ జరిగింది. ఏళ్ల తరబడి కుర్చీలు వదలని పెద్దల్ని ఓట్లేసి దింపేశారు. ‘యుద్ధమూ శాంతీ’ తీసిన బొందర్చుక్‌ని కనీసం ప్రతినిధిగా కూడా ఎన్నుకోలేదు. అది తప్పని నిఖితా మిఖల్కోవ్ ఒక్కడు లేచి చెప్పాడు. నాకూ తప్పనే అనిపించింది. అంత మంచి పనిలోకి కాస్త పగ కూడా వచ్చి కూర్చుంది.

సంఘానికి కొత్త కార్యదర్శిగా ఎలెమ్ క్లిమోవ్‌ని ఎన్నుకున్నారు. సినిమాల్ని అటకెక్కించే సంగతి ఆయనకి తెలిసినంతగా ఎవరికి తెలుసు! ఆయన తీసిన ‘వేదన’ 1975లో పూర్తయితే, సొంత దేశంలో జనం చూసింది 1985లో. ‘వచ్చి చూడు’ మొదలుపెడదామంటే ఏడెనిమిదేళ్లు కదలనివ్వలేదు. బెలారుస్‌లో జర్మన్లు జనంతో సహా తగలబెట్టిన 628 పల్లెల మీద తీసిన సినిమా అది. చూసొచ్చిన రాత్రి నేను అన్నం తినలేదు.

అటక అంటే మాట వరసకి అనడం కాదురా. రష్యన్లు ‘పోల్కా’ అంటారు, అల్మారాలో అర అని. స్క్రిప్టుకి అనుమతి కావాలి, తీసిన సినిమాకి మళ్లీ అనుమతి కావాలి. పైవాళ్లకి నచ్చకపోతే ఫలానాది కోసెయ్యమంటారు. కోయనంటే రీళ్లు అరలోకి. నిషేధం అనరు, కాగితమ్మీద ఏమీ ఉండదు. సినిమా ఉందని కూడా ఎవరూ మాట్లాడరు, అంతే. క్లిమోవ్ రాగానే ఆ అరలు తెరవడానికి ఒక కమిషన్ వేశారు, ఆంద్రేయ్ ప్లాఖోవ్ అనే విమర్శకుడు దానికి అధ్యక్షుడు. 200కు పైగా సినిమాలు పరిశీలించారు. అలెక్సేయ్ గెర్మాన్ సినిమా 15 ఏళ్లకి బయటపడింది. కీరా మురాతొవాది 1967 నాటి సినిమా, 20 ఏళ్లకి. తార్కోవ్‌స్కీ సినిమాలు మళ్లీ హాళ్లలో ఆడాయి, కానీ ఆయన 1986 డిసెంబరులోనే పారిస్‌లో పోయాడు.

మా హాస్టల్ క్లబ్బులో ఒకసారి క్లిమోవ్ ‘వీడ్కోలు’ వేశారు. ఆనకట్ట కడుతుంటే మునిగిపోబోయే లంకగ్రామం కథ. నిజానికి అది ఆయన భార్య లరీసా షెపీత్కో మొదలుపెట్టింది. 1979లో ఆ పని మీద వెళుతూనే కారు ప్రమాదంలో పోయింది. మిగతాది ఆయన పూర్తి చేశాడు. అందులో ముసలమ్మ, రేపు తగలబెట్టేయబోయే తన ఇంటికి ఇవాళ సున్నం వేస్తుంది. నాతో పాటు కర్నూలు జిల్లా కుర్రవాడు ఒకడు ఉండేవాడు, శ్రీశైలం నీళ్లలో వాళ్ల ఊరు పోయింది. సినిమా అయ్యాక మెట్ల మీద కూర్చుని, ‘మా అవ్వ గూడా ఇల్లలికి, ముగ్గేసి, అప్పుడొచ్చె’ అన్నాడు. ఆ రాత్రి ఇద్దరం చాలాసేపు అక్కడే కూర్చున్నాం.

ఏమిటీ, మన సినిమాలా? ఆడేవి, ఎందుకాడవు! ‘ఆవారా’ 1954లోనే వాళ్లని పట్టేసింది. 1988 జూన్‌లో దాని హీరో రాజ్ కపూర్ పోయినప్పుడు, హాస్టల్ గుమ్మం దగ్గర కూర్చునే కాపలామె, దెజూర్నయా అంటారు, నన్ను ఆపి, నా చుట్టం పోయినట్టే పరామర్శించింది.

అదే ఏడాది ‘చిన్న వేరా’ అని కార్మిక కుటుంబం మీద ఒక సినిమా వచ్చింది. తాగే తండ్రి, ఇరుకు వంటిల్లు, ఎక్కడికీ దారి తోచని ఆడపిల్ల. 5 కోట్లమందికి పైగా చూశారు. సిగ్గు విడిచిన సినిమా అని తిట్టినవాళ్లు ఉన్నారు, మా ఇల్లే చూపించారని ఊరుకున్నవాళ్లూ ఉన్నారు. నేను రెండో జట్టు.

కానీ మీకు గట్టిగా చెప్పాలనుకున్నది అలెక్సాందర్ అస్కోల్దోవ్ గురించి. ‘కమిసార్’ అని 1967లో తీశాడు. ఎర్రసైన్యంలో పనిచేసే ఆడమనిషి, నిండు గర్భిణి, కాన్పు కోసం ఒక పేద యూదుల ఇంట్లో తలదాచుకుంటుంది. ఆ ఇంట్లో గంపెడు పిల్లలు, చాలీచాలని తిండి, అయినా ఆమెకి చోటిస్తారు. యూదుల మీద జాలి కలిగించే సినిమా పెద్దలకి నచ్చలేదు. కోసెయ్యమన్నారు. ఆయన కోయనన్నాడు. పసితనంలో తల్లినీ తండ్రినీ పోలీసులు పట్టుకుపోతే, ఆయన్ని చేరదీసింది తెలిసిన యూదుల కుటుంబమే మరి. ఎలా కోస్తాడు? ఉద్యోగం తీసేశారు, పార్టీ నుంచి వెళ్లగొట్టారు, సినిమాలు తీయకుండా చేశారు. మార్పు వచ్చాక కూడా ఈ ఒక్క సినిమా వదలడానికి జంకారు. 1987 జూలైలో మాస్కో చిత్రోత్సవానికి దేశదేశాల వాళ్లు వచ్చారు. వాళ్ల ముందు ఆయనే లేచి నిలబడి, నా సినిమా చూపించండని అడిగాడు. చూపించారు. మరుసటేడు బెర్లిన్‌లో వెండి ఎలుగుబంటి బహుమతి వచ్చింది.

నేను 1991లో తిరిగొచ్చేశాను. అప్పటికి సెన్సారు పోయింది, ఎవరేం తీసినా అడిగేవాడు లేడు. 1990లో ఒక్క ఏడాదే 300 దాకా సినిమాలు తీశారు గానీ, హాళ్లు ఖాళీ. జనం వీడియో పార్లర్లలో అమెరికా సినిమాలు చూస్తున్నారు.

అరలు తెరిచారు, రీళ్లు బయటికొచ్చాయి, నిజమే. అరలో పడున్న ఏళ్లు ఎవరు తిరిగిచ్చారు చెప్పండి? ఆ తలుపులు తెరిపించిన క్లిమోవ్ ‘వచ్చి చూడు’ తర్వాత 2003లో పోయేదాకా ఇంకో సినిమా తీయలేదు. అస్కోల్దోవ్ 2018లో స్వీడన్‌లో పోయాడు, 85 ఏళ్ల వయసులో. ‘కమిసార్’ తీసేనాటికి ఆయనకి 35. అదే ఆయన మొదటి సినిమా. రెండోది లేదు.