ఎక్సిమ్ మెయిలు సర్వరులో డేటాబేసు లుకప్

ఎక్సిమ్ అనేది యునిక్స్ తరహా కంప్యూటర్లపై పనిచేసే స్వేచ్ఛా మెయిలు సర్వరు సాఫ్టువేరు. దీనిని ఫిలిప్ హేజెల్ 1995లో ఇంగ్లాండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో రూపొందించాడు. వచ్చిన ఉత్తరమును స్వీకరించాలా, తిరస్కరించాలా అని నిర్ణయించే నియమములలోనే డేటాబేసును ప్రశ్నించి జవాబు తెచ్చుకొనగలగడం దీని ముఖ్య లక్షణాలలో ఒకటి. ఈ ప్రక్రియను లుకప్ అంటారు.

అవసరము

నిషేధించవలసిన చిరునామాలు పది ఉంటే వాటిని నియమములోనే వ్రాయవచ్చును. కాని వేలమందికి ఖాతాలున్న సంస్థలో కొత్త ఖాతాలు చేరుతుంటాయి, పాతవి మూతపడుతుంటాయి. ప్రతి మార్పుకూ సర్వరు అమరికలను తిరగవ్రాస్తే పొరపాట్లకు అవకాశమెక్కువ. లుకప్ వాడినప్పుడు నియమము స్థిరముగా ఉంటుంది; డేటాబేసులోని సమాచారము మాత్రమే మారుతుంది.

రకాలు

లుకప్‌లు రెండు విధాలు.

* కీ ఆధారిత లుకప్: ఒక ఫైలులో ఒక పదమును వెదకుట. ఎల్‌సెర్చ్ పద్ధతి మామూలు పాఠ్య ఫైలును మొదటినుండి వరుసగా చదువుతుంది గనుక చిన్న జాబితాలకు సరిపోతుంది. పెద్ద జాబితాలకు డీబీఎమ్, సీడీబీ వంటి సూచికలు గల ఫైళ్ళు అనుకూలము.
* ప్రశ్న ఆధారిత లుకప్: మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, ఎస్‌క్యూలైట్, ఎల్‌డాప్ వంటి వాటికి వాటి భాషలోనే ప్రశ్న పంపుట.

పనిచేసే విధానము

2002లో వెలువడిన ఎక్సిమ్ 4లో ప్రవేశ నియంత్రణ జాబితాలు వచ్చాయి. పంపే సర్వరు గ్రహీత చిరునామాను తెలుపగానే, ఉత్తరములోని విషయము ఇంకా రాకముందే, ఈ నియమాలు అమలవుతాయి. ఆ చిరునామా డేటాబేసులో లేనిచో 550 సంకేతముతో తిరస్కరించవచ్చును. 2003లో ఇవాన్ హారిస్ ప్రతిపాదించిన గ్రేలిస్టింగు పద్ధతికి కూడ లుకప్ ఆధారము. పంపిన కంప్యూటరు ఐపీ చిరునామా, పంపినవారి చిరునామా, గ్రహీత చిరునామా అనే మూడింటి కలయిక డేటాబేసులో మునుపు నమోదు కాకపోతే, ఉత్తరమును కొంతసేపాగి మళ్ళీ పంపమంటారు.

జవాబు రానప్పుడు

లుకప్‌కు మూడు ఫలితాలుంటాయి: దొరికినది, దొరకలేదు, తెలుసుకొనుట సాధ్యపడలేదు. చివరి రెండింటి మధ్య తేడా చాల ముఖ్యము. డేటాబేసు సర్వరు ఆగిపోయినప్పుడు దానిని "దొరకలేదు"గా భావిస్తే, నిజమైన గ్రహీతలకు వచ్చిన ఉత్తరాలు శాశ్వతముగా తిరస్కరించబడతాయి. అందుచేత ఎక్సిమ్ ఇట్టి సందర్భములో సాధారణముగా 4తో మొదలయ్యే తాత్కాలిక సంకేతమును పంపుతుంది. పంపిన సర్వరు ఉత్తరమును తనవద్దనే ఉంచుకొని మరల ప్రయత్నిస్తుంది. ఇట్టి ప్రయత్నము కనీసము 4, 5 రోజులు సాగాలని 2008 నాటి ఎస్‌ఎమ్‌టీపీ ప్రమాణము చెబుతున్నది. డేటాబేసు ఆలోగా కోలుకుంటే ఉత్తరము ఆలస్యమవుతుందే కాని పోదు.

భద్రత

పంపినవారి చిరునామాను నిర్ణయించేది బయటివారు. ఈ-మెయిలు చిరునామాలో ఒంటి ఉల్లేఖన చిహ్నము ఉండవచ్చును; ఎస్‌క్యూఎల్ భాషలో అదే చిహ్నము పాఠ్యమునకు హద్దు. చిరునామాను యథాతథముగా ప్రశ్నలో చేర్చితే, అపరిచితుడు ఆ ప్రశ్ననే మార్చివేయగలడు. దీనిని నివారించుటకు ఒక్కొక్క డేటాబేసుకు తగిన ఉల్లేఖన ప్రక్రియలు ఎక్సిమ్‌లో ఉన్నాయి. 2020లో వెలువడిన 4.94 వెర్షను, బయటినుండి వచ్చిన విలువలను ఫైలు పేర్లలో నేరుగా వాడనివ్వదు. లుకప్ ద్వారా స్థానిక జాబితాలో దొరికిన విలువను వాడవలెను. వాడుకరులు స్వయముగా వ్రాసుకొనే ఫిల్టరు ఫైళ్ళలో లుకప్‌ను నిషేధించే వీలు కూడ నిర్వాహకునికి ఉన్నది.