మన మీద పడిన ముద్రకు ఒక తేదీ ఉంది



హాస్టల్లో ఏదైనా పోతే ముందు ఎవరి పెట్టె వెతుకుతారో మనకు తెలుసు. మనలో చాలామంది ఆ అనుభవం దాటే పైకి వచ్చాం. ఈ అనుమానం ఎక్కడిది అని అడిగితే, "ఎప్పట్నుంచో ఉన్నదేలే" అంటారు. అది నిజం కాదు. దానికి సంవత్సరం ఉంది, చట్టం ఉంది, సెక్షన్లు ఉన్నాయి. మన జూనియర్లకు ఈ సంగతి మనమే చెప్పాలి. కాస్త పొడుగైనా చదవండి.

రైళ్ళు రాకముందు కోస్తా ఉప్పును లోపలి ఊళ్ళకు మోసిందెవరు? గాడిదల మీద ఎరుకలవాళ్ళు, ఎద్దుల మీద లంబాడీలు. ఉప్పు ఇచ్చి ధాన్యం తెచ్చుకునేవాళ్ళు. వాళ్ళ రాక కోసం ఊళ్ళు ఎదురుచూసేవి. తర్వాత ఉప్పు మీద కంపెనీ పెత్తనం, పన్ను వచ్చాయి. 19వ శతాబ్దం రెండో సగంలో రైళ్ళు ఆ బేరాన్ని లాగేసుకున్నాయి. 1882 మద్రాసు అటవీ చట్టంతో వెదురుకూ, పశువుల మేతకూ అడ్డం పడింది. ఇట్లా బతుకుదెరువు పోయి తిరుగుతున్న జనాన్ని చూసి సర్కారు "వీళ్ళకు నిలకడ లేదు, నమ్మడానికి లేదు" అంది.

అప్పటికే ఉత్తరాదిలో 1871 నుంచి నేరస్థ తెగల చట్టం నడుస్తోంది. 1911లో దాన్ని మద్రాసు ప్రాంతానికీ తెచ్చారు. దాని వెనక వాదన ఏంటంటే, కులవృత్తి తండ్రి నుంచి కొడుక్కి వచ్చినట్టే దొంగతనమూ వస్తుందట! మనిషి ఏం చేశాడన్నది అక్కర్లేదు, ఏ ఇంట్లో పుట్టాడన్నది చాలు. ఒక తెగను ఆ జాబితాలో వేస్తే కోర్టుకు పోయి ప్రశ్నించే వీలు లేదు. వేలిముద్రలు తీసుకునేవాళ్ళు. హాజరు పలకాలి. ఊరు దాటాలంటే పాసు కావాలి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడుల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది.

బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అట్లా పుట్టిందే. 1910ల్లో ఎరుకలవాళ్ళను అక్కడ ఉంచి, సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ అనే పెద్ద అధికారి పేరు ఊరికి పెట్టారు. ఆ జనం చీరాల పొగాకు కంపెనీలో కూలీలయ్యారు. ఉప్పు వ్యాపారం చేసినవాళ్ళ పిల్లలకు తాతల వ్యాపారం గుర్తు లేకుండా పోయింది, సర్కారు వేసిన ముద్ర మాత్రం మిగిలింది.

నెల్లూరు ప్రాంతంలో యానాదుల మధ్య పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య లాంటివాళ్ళు ఈ చట్టం మీద పోరాడారు. మద్రాసులో 1947లోనే అది రద్దయింది. దేశమంతా పోయింది 1952 ఆగస్టు 31న. అందుకే ఆ రోజును విముక్త జాతుల దినంగా జరుపుకుంటారు. కానీ మద్రాసులో మరుసటి ఏడాదే, 1948లో, అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. 1991లో స్టూవర్టుపురం పేరు పెట్టుకుని ఏకంగా రెండు సినిమాలు వచ్చాయి. చాలామందికి ఆ ఊరు సినిమా ద్వారానే తెలుసు. జైళ్ళలో కులాన్ని బట్టి పని పంచే నిబంధనలను సుప్రీంకోర్టు కొట్టేసింది 2024 అక్టోబరు 3న. విముక్త జాతుల వాళ్ళను పుట్టుక చూసి నేరస్థులుగా లెక్కగట్టే రాతలూ చెల్లవని అదే తీర్పు చెప్పింది. అంటే చట్టం పోయిన 72 ఏళ్ళకు కూడా ఆ రాత జైలు పుస్తకాల్లో ఉందన్నమాట!

ఈ చరిత్ర తెలిస్తే ఏం లాభం అంటారా? పెట్టె వెతికించుకున్న పిల్లాడు "మావాళ్ళలోనే ఏదో లోపం ఉంది" అని లోపల్లోపల కుంగిపోతాడు. ఆ లోపం మనలో లేదు, ఒక కాగితంలో ఉంది అని తెలిస్తే తల ఎత్తి "నా ఒక్కడిదే ఎందుకు వెతుకుతున్నారు సార్?" అని అడగగలడు.

ఇంకో మాట మనలో మనకు. చెంచు పిల్లాడి యాసను కోయ పిల్లాడు వెక్కిరిస్తే, యానాది చెల్లెలి పక్కన కూర్చోవడానికి లంబాడీ చెల్లెలు వెనకాడితే, అది కూడా పుట్టుక చూసి మనిషిని కొలవడమే. చిన్నప్పుడే దాన్ని ఆపాలి.

ఈసారి ఆగస్టు 31న మీ హాస్టల్లో ఒక అరగంట కూర్చోండి. ఉప్పు గాడిదల కథతో మొదలుపెట్టండి. ప్రతి ఒక్కరూ ఇంటికి ఫోన్ చేసి, తాతముత్తాతలు ఏం చేసి బతికేవాళ్ళో అడిగి రాసుకురండి. ఆ రాతలు ఇక్కడ పెట్టండి, అందరం చదువుదాం.