కరెంటు పోయినా మరవని ఉంగరాలు

మా ల్యాబ్‌లో చేరే విద్యార్థులకు నేను మొదట చెప్పేది ట్రాన్సిస్టర్ కథ కాదు, ఫెర్రైట్ ఉంగరం కథ. తక్కువ కరెంటుతో నడిచే అయస్కాంత మెమరీ కోసం పాటుపడే మాకు అసలు పూర్వీకురాలు అదే.

అమెరికాలో ఎంఐటీ వాళ్లు వర్ల్‌విండ్ కంప్యూటర్ కడుతున్న రోజుల్లో మెమరీగా వాడిన గాజు ట్యూబులు ఊరికే పాడయ్యేవి. ఆ బెడద వదిలించుకోవడానికి జే ఫారెస్టర్ అయస్కాంతాల వైపు తిరిగాడు. ఉంగరంలో అయస్కాంతత్వం ఒక దిక్కుకు తిరిగి ఉంటే ఒకటి, ఎదురు దిక్కుకైతే సున్న. పడుగూ పేకల్లా పరిచిన సన్నని తీగలు కలిసే ప్రతిచోటా ఒక ఉంగరం. అడ్డ తీగలో సగం కరెంటు, నిలువు తీగలో సగం. ఒక్క సగానికి ఉంగరం లొంగదు. రెండూ కలిసిన చోట ఉన్నది మాత్రమే తిరగబడుతుంది. వేల ఉంగరాల్లోంచి కావలసిన ఒక్కదాన్ని పలకరించే ఈ ఉపాయం ఎన్నిసార్లు బోర్డు మీద గీసినా నాకు ముచ్చటగానే ఉంటుంది. ఉంగరాన్ని తిప్పి చూసే చదవాలి, అలా చదివితే అందులో ఉన్నది చెరిగిపోతుంది కదా, వెంటనే తిరిగి రాసేయాలన్న ఆలోచన హార్వర్డ్‌లో ఆన్ వాంగ్‌ది. 1953లో వర్ల్‌విండ్‌కు ఉంగరాల మెమరీ అమర్చారు. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో మనవాళ్లు కట్టిన టిఫ్రాక్ కంప్యూటర్‌లోనూ ఈ ఉంగరాలే.

ఆ తీగలు దూర్చినవి ఎక్కువగా ఆడవాళ్ల చేతులు. అపోలో నౌకల కంప్యూటర్ కోసం వాల్తమ్‌లోని రేథియాన్ ఫ్యాక్టరీలో వాళ్లు ఏకంగా ప్రోగ్రామునే అల్లారు. తీగ ఉంగరంలోంచి వెళితే ఒకటి, పక్కనుంచి పోతే సున్న. చంద్రుడి మీదికి మనుషుల్ని చేర్చిన అల్లిక అది. ఇంజినీర్ల పేర్లు పుస్తకాలకెక్కాయి, వీళ్లలో చాలామందివి ఎక్కలేదు. అందుకే క్లాసులో వీళ్ల సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లను.

1970లో ఇంటెల్ 1103 మెమరీ చిప్ వచ్చింది. చవక, చిన్నది. కొన్నేళ్లలో ఉంగరాలు మూలపడ్డాయి. ఆ చవకతో పాటు ఒక ఖర్చూ వచ్చింది. ఇలాంటి చిప్‌లో విద్యుదావేశం కారిపోతూనే ఉంటుంది. ఇదే తరహా నేటి డీర్యామ్‌లోనూ కొన్ని పదుల మిల్లీసెకన్లకోసారి అంతా తిరిగి నింపాలి, లేకపోతే మరిచిపోతుంది. ఉంగరానికి ఆ అవసరం లేదు. కరెంటు తీసేసినా తన దిక్కు తాను పట్టుకునే ఉంటుంది. డేటా సెంటర్లు ఇంత కరెంటు తాగుతున్న కాలంలో ఆ గుణాన్ని వదులుకోవడం మనకు తగదని నా గట్టి నమ్మకం.

అది తిరిగి వచ్చింది కూడా. 1995లో ఎంఐటీలో జగదీశ్ మూడెర బృందం, జపాన్‌లో మియాజాకి బృందం పలుచని అయస్కాంత పొరల జంటలో, వాటి దిక్కులు కలిశాయా లేదా అన్నదాన్నిబట్టి విద్యుత్ నిరోధం బాగా మారుతుందని మామూలు గది వేడిమి దగ్గరే చూపించారు. నిరోధం కొలిస్తే చాలు, ఇక చదవడానికి చెరపనక్కర్లేదు. 2006లో ఫ్రీస్కేల్ అమ్మిన 4 మెగాబిట్ల చిప్ ఆ దారిలోదే. రాయడం మాత్రం ఇంకా పాత పద్ధతిలో, పక్క తీగల అయస్కాంత క్షేత్రంతోనే. తర్వాతి చిప్‌లలో కరెంటును పొరలోంచే పంపి, ఎలక్ట్రాన్ల స్పిన్‌తో దిక్కు తిప్పుతున్నారు. అయినా రాతకు అయ్యే కరెంటు ఎక్కువే. అందుకే మా ల్యాబ్‌లో ఇప్పుడు ప్లాటినం, టంగ్‌స్టన్ పొరలను అయస్కాంత పొర కింద పరిచి, కరెంటును వాటిలోంచి మాత్రమే పోనిచ్చి, ఎంత తక్కువకు దిక్కు మారుతుందో కొలుస్తున్నాం.